ముల్లు అబద్ధమాడినప్పుడు

బాన్సువాడ మార్కెట్లో వడ్లు తూచే కాంటా మీద అనుమానం వస్తే, అదే బస్తాను మరో కాంటా మీద పెట్టమంటాడు రైతు. యంత్రం తప్పు చెప్పదన్న భక్తి అతనికి లేదు. తన చేతి అంచనాయే ప్రమాణమన్న అహంకారమూ లేదు. జ్ఞానానికి ప్రమాణమేమిటన్న పాత తాత్విక ప్రశ్నకు ఇందులో ఒక సమాధానం వున్నది. దాని విలువ విమానం నడిపేవారికి బాగా తెలుసు. రైతుకు కాళ్ల కింద నేల వున్నది. వారికి అదీ లేదు.

మబ్బులోనో చీకట్లోనో దిగంతం కనిపించనప్పుడు పైలట్ తన శరీరాన్ని నమ్మరాదు. విమానం మెల్లగా ఒరిగితే ఆ ఒరుగుదల లోచెవికి తెలియకపోవచ్చును. కనుకనే ఒంటిని కాదు, పరికరాన్ని నమ్మమని శిక్షణలో నేర్పుతారు. మరి ఆ పరికరమే అబద్ధమాడితే?

1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా విమానంలో జరిగింది అదే. విమానం సమంగా వున్నా, కెప్టెన్ ముందున్న కృత్రిమ దిగంతం అది కుడికి ఒరిగివున్నట్లు చూపింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయాడు. విమానం సముద్రంలో కూలి 213 మంది మరణించారు. ఆ గదిలో అటువంటి పరికరాలు మూడున్నాయి. వాటిని పోల్చి నిజం తేల్చుకునే పని మాత్రం సకాలంలో జరగలేదు.

అయితే అనుమానించడమే చాలునా? చాలదు. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు మరణించారు. కిందికి తోసే తీవ్రమైన గాలిలో చిక్కి అది అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. అంతకుముందు ఆరు నిమిషాలకు పైగా సిబ్బంది ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థ సరిగా వున్నదా లేదా అని తేల్చుకోవడంలోనే నిమగ్నులైవున్నారని కూడా చెప్పింది. ఒక్క హెచ్చరికను పరీక్షించడంలో మొత్తం ప్రయాణం మీది దృష్టి చెదిరింది. వేగం చూపే ముల్లు నమ్మరానిదైతే, ముందు తెలిసిన కోణంలో, తెలిసిన ఇంజను శక్తితో విమానాన్ని నిలపాలి. ఒకరు నడుపుతూ వుండగా మరొకరు పరికరాలను పోల్చాలి. సందేహానికి కూడా శ్రమవిభజన అవసరమన్నమాట.

ఇంతవరకు ఇది వృత్తి నీతి. దీని వెనుక సామాజిక ప్రశ్న మరొకటి వున్నది: పోల్చి చూసే సాధనం ఎవరి చేతిలో వున్నది? బోయింగ్ సంస్థ 737 మ్యాక్స్ విమానంలో, ముక్కును కిందికి వంచే ఒక స్వయంచాలక వ్యవస్థను ఒకే ఒక సెన్సర్ మాట మీద పనిచేసేటట్లు అమర్చింది. 2018 అక్టోబర్‌లో ఇండొనేషియాలో మొదటి ప్రమాదం జరిగేవరకు అటువంటి వ్యవస్థ వున్నదని పైలట్లకు చెప్పలేదు. రెండు సెన్సర్లు భిన్నంగా చెబుతున్నాయన్న హెచ్చరిక, అదనపు సొమ్ము చెల్లించి ఒక సూచికను కొన్న కంపెనీల విమానాలలోనే పనిచేసింది. 2019 మార్చిలో ఇథియోపియాలో మరో విమానం కూలింది. రెండు ప్రమాదాలలో కలిపి 346 మంది చనిపోయారు. అనుమానించే అవకాశం కూడా డబ్బు పెట్టి కొనుక్కోవలసిన సరుకయింది.

ధైర్యమూ సమయస్ఫూర్తీ వ్యక్తి గుణాలే, కాదనము. కాని తెలియని వ్యవస్థను ఏ ధైర్యం అనుమానించగలదు? సత్యాన్ని తేల్చుకునే బాధ్యతను ఒకరిపై మోపి, అందుకు కావలసిన జ్ఞానాన్ని మరొకరు దాచుకోవడం అన్యాయం. ఏ ప్రమాదాన్నయినా "పైలట్ తప్పిదం" అని పత్రికలు రాసిన రోజున మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: అతని ఎదుట రెండో ముల్లు వున్నదా? లేకపోతే, దాన్ని లేకుండా చేసిందెవరు?