బెంచిమీద కూర్చున్నవాని పాలు

ఒక జట్టు గెలిచినప్పుడు ఆ గెలుపు ఎవరిది? ఆటస్థలములో పరుగెత్తి చెమటోడ్చినవారిదేనా? లేక ఆ సమయమంతయు ప్రక్కను బెంచిమీద కూర్చుండి, తమకు పిలుపు వచ్చునా రాదా యని కనిపెట్టుచున్నవారికిని అందులో పాలు కలదా? పైకి చూడగా ఇది పిల్లల ఆటకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును. గాని పొలములోను, ఇంటిలోను, సంఘములోను మనము ఒకరి పనిని మరియొకరి పనితో నిత్యము తూచుచునే యున్నాము గనుక ఇది మనందరి ప్రశ్నయే. అమెరికా దేశములో జీతమునకు ఆడు బాస్కెట్‌బాల్ జట్ల వాడుకను చూచి, ఈ సంగతిని కొంచెము ఆలోచింతము.

ఈ ఆట పుట్టినది 1891 డిసెంబరు నెలలో. మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాల యొకటి యుండెను. దైవశాస్త్రము చదివిన జేమ్స్ నైస్మిత్ గారు అక్కడ ఉపాధ్యాయులు. చలికాలములో బయట ఆడలేని యువకుల నిమిత్తము ఆయన రెండు పండ్ల బుట్టలను ఎత్తున కట్టించి, బంతిని వాటిలో వేయవలెనని నియమము పెట్టెను. ఆ బుట్టలనుబట్టియే ఆటకు ఆ పేరు వచ్చినది.

నేడు ఈ ఆటను వృత్తిగా ఆడువారిలో ముఖ్యమైనవి నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లోని 30 జట్లు. ఒక్కొక్క జట్టు ఒక సీజనులో 82 ఆటలు ఆడవలెను. ఆటస్థలములో జట్టుకు అయిదుగురే నిలుతురు. మిగిలినవారు బెంచిమీద నుందురు. ఆట కాలము 48 నిమిషములు. ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూతము. అయిదుగురు 48 నిమిషముల చొప్పున ఆడవలసినది మొత్తము 240 నిమిషములు. జట్టులోని మిక్కిలి శ్రేష్ఠులైన అయిదుగురు తలకొక 36 నిమిషములు ఆడిరనుకొందము. అది శరీరమునకు తక్కువ శ్రమ కాదు. అయినను 180 నిమిషములే గడచును. తక్కిన 60 నిమిషములు, అనగా పనిలో నాలుగవ వంతు, ఎవరు మోయుదురు? బెంచిమీదివారే. ఇంతేకాక ఒక ఆటగాడు ఆరు ఫౌల్‌లు చేసినయెడల ఆ ఆటనుండి తొలగిపోవలెను. ఒకని చీలమండ బెణకవచ్చును. మరియొకనికి జ్వరము తగులవచ్చును. నాట్లు వేయు రైతు కొంత నారును గట్టు ప్రక్కను నిలువచేయుట వృథా యని ఎవరందురు? చేనిలో మొక్క చచ్చినచోట దాని విలువ తెలియును.

ఇంకొక సంగతి ప్రేక్షకులకు కనబడదు. అయిదుగురు అయిదుగురితో ఆడు ఆటను సాధన చేయవలెనన్న పదిమంది కావలెను. రాబోవు ఆటలో ఎదిరి జట్టువారు ఎట్లు ఆడుదురో, సాధనలో ఆ విధముగా ఆడి చూపువారు ఈ బెంచివారే. వారు ఆ పనిని చేతకానట్టుగా చేసినయెడల ముందువరుసవారు సిద్ధపడకయే యుద్ధమునకు పోయినట్లగును. కావున ఆటనాడు ఒక్క నిమిషమైనను ఆడనివాని శ్రమ సయితము ఆనాటి గెలుపులో కలిసియే యుండును.

ఈ విలువను ముందుగా గుర్తించినవారిలో రెడ్ ఔర్‌బాక్ ఒకరు. ఆయన 1950 మొదలుకొని 1966 వరకు బోస్టన్ సెల్టిక్స్ జట్టునకు శిక్షకుడుగా నుండి తొమ్మిది ఛాంపియన్‌షిప్‌లు గెలిపించెను. తన మంచి ఆటగాళ్లలో ఒకనిని ఆరంభమున దింపక, బెంచిమీద ఉంచుట ఆయన పద్ధతి. ఇరుపక్షములవారు అలసిన వేళకు అలయని బలవంతుడొకడు లోనికి వచ్చునన్నమాట. ఆ ‘ఆరవ మనిషి’గా మొదట ఫ్రాంక్ రామ్సే, పిమ్మట జాన్ హావ్లిచెక్ పేరు పొందిరి. రామ్సే ఏడు ఛాంపియన్‌షిప్‌లలోను, హావ్లిచెక్ ఎనిమిదింటిలోను పాలివారైరి. ఆ లీగువారు 1983లో ఉత్తమమైన ఆరవ మనిషికి బహుమానము నియమించిరి. దానిని మొదట పొందినవాడు ఫిలడెల్ఫియా జట్టులోని బాబీ జోన్స్. ఆ యేడే ఆ జట్టు ఛాంపియన్ అయ్యెను. 2022–23 సీజను మొదలుకొని ఆ బహుమానము హావ్లిచెక్ పేరనే ఇయ్యబడుచున్నది.

అయితే గొప్పవానికి బెంచిమీద కూర్చుండుట సులభమా? ఆండ్రే ఇగ్వొడాల అను ఆటగాడు 2014 వరకు తాను ఆడిన 758 సీజను ఆటలలో ప్రతిదానిలోను ఆరంభమున నిలిచినవాడు. ఆ యేట గోల్డెన్ స్టేట్ జట్టునకు క్రొత్తగా వచ్చిన శిక్షకుడు స్టీవ్ కెర్ ఆయనను బెంచిమీద కూర్చుండుమని అడిగెను. ఆయన సమ్మతించెను. ఆ సీజనులో ఆడిన 77 ఆటలలోను బెంచిమీదనుండియే లేచి వచ్చెను. 2015 జూనులో క్లీవ్‌లాండ్ జట్టుతో జరిగిన చివరి పోటీలో గోల్డెన్ స్టేట్ వారు రెండు ఆటలు ఓడి, ఒకటి మాత్రము గెలిచి వెనుకబడిరి. నాలుగవ ఆటకు ఇగ్వొడాలను ఆరంభముననే నిలిపిరి. తరువాతి మూడు ఆటలును వారే గెలిచిరి. ఆ పోటీలో అత్యుత్తముడని ఆయననే ఎంచిరి. ఏడాది పొడవునను చిన్నచూపు చూడబడితినని గొణగియుండినయెడల, పిలుపు వచ్చిన దినమున ఆయనలో ఏమి మిగిలియుండెడిది?

ఆయనను అడిగిన కెర్ కూడ ఆ బెంచిని ఎరిగినవాడే. 1997 జూను 13న షికాగో, యూటా జట్లు 86 – 86 సమానముగా నుండగా, అయిదు క్షణములు మాత్రమే మిగిలెను. అందరి కన్నులును మైకేల్ జోర్డాన్‌పైననే యుండెను. జోర్డాన్ బంతిని కెర్‌కు అందించెను. బెంచిమీదనుండి వచ్చిన కెర్ దానిని బుట్టలో వేసెను. షికాగోకు ఛాంపియన్‌షిప్ దక్కెను. ఇచ్చట కెర్ సిద్ధపాటుతోపాటు జోర్డాన్ నమ్మకమును గూడ మనము చూడవలెను. గొప్పవాడు తన ప్రక్కనున్న చిన్నవానిని నమ్మని జట్టులో బెంచి యుండియు లేనట్లే.

వీరందరికి పిలుపు వచ్చెను గదా, పిలుపు రానివాని సంగతి ఏమని ఎవరైన అడుగవచ్చును. ఇదియే కఠినమైన ప్రశ్న. యుడోనిస్ హాస్లెమ్ అను ఆయన 2003 మొదలు 2023 వరకు ఇరువది సీజనులు మయామీ జట్టులోనే యుండెను. యౌవనమున బాగుగ ఆడి, 2006, 2012, 2013 సంవత్సరముల ఛాంపియన్‌షిప్‌లలో పాలు పొందెను. వయస్సు మీరిన పిమ్మట ఆట తగ్గిపోయెను. 2020–21 సీజనులో ఆయన ఆడినది ఒక్క ఆటలో, అదియు కొలది నిమిషములే. అయినను జట్టు ఆయనను విడువలేదు. చిన్నవారిని హెచ్చరించుటకును, పేరు గలవారిని గూడ గద్దించుటకును ఆయనకు అధికారముండెను; ఆ అధికారము చాలాకాలము నమ్మకముగా నిలిచియుండుటవలన కలిగినది. 2024 జనవరిలో ఆయన ధరించిన 40వ నంబరును ఇక నెవరును ధరింపకుండ జట్టువారు గౌరవించిరి.

జీతములలో వీరందరు సమానులు కారు; ముందువరుసవానికిని బెంచి చివరివానికిని చాల భేదము కలదు. గాని ఛాంపియన్‌షిప్ ఉంగరము ఆడినవానికిని, కూర్చున్నవానికిని ఇయ్యబడును. కూలి వేరు, పాలు వేరు. కూలి నేర్పునుబట్టి మారవచ్చును. పాలు జట్టులో నున్నందున కలుగును.

ఇచ్చట మనము ఒక అపాయమును గూర్చి జాగ్రత్తపడవలెను. బెంచి గొప్పదని చెప్పి, అన్యాయముగా బయట నుంచబడినవారిని ఓర్చుకొమ్మనుట ధర్మము కాదు. ఆ లీగు 1946లో ఆరంభమైనను, నల్లవారికి అందులో 1950 వరకు చోటు లేకుండెను. 1950 అక్టోబరు 31న ఎర్ల్ లాయిడ్ ఆడుటతో ఆ అడ్డు తొలగెను. అంతకుముందు ఆ ఆటగాళ్లు బెంచిమీద కూర్చున్నవారు కారు. గుమ్మము బయట నిలువబడినవారు. బెంచిమీదివానికి జట్టు దుస్తులు కలవు, సాధన కలదు, పిలుపు కలదు, ఉంగరము కలదు. ఇవి యేవియు లేనివానిని చూచి, ‘నీ స్థానములో తృప్తిగా నుండుము’ అనువాడు మూసిన తలుపునకు బెంచియని పేరు పెట్టుచున్నాడు. మన గ్రామములలో ఈ రెంటికి గల భేదమును మనము బాగుగా విచారింపవలెను.

పూర్వము దావీదు ఎదుట ఈ ప్రశ్నయే వచ్చినది. అమాలేకీయులను తరుముచు పోయిన 600 మందిలో 200 మంది అలసి, బెసోరు వాగు దాటలేక సామానులయొద్ద నిలిచిపోయిరి. యుద్ధము చేసిన 400 మందిలో కొందరు, నిలిచినవారికి దోపుడు సొమ్ములో పాలియ్యము అనిరి. దావీదు ఆ మాటకు ఒప్పుకొనక, ఇరువురికిని సమభాగమని తీర్పు చేసెను. అది ఇశ్రాయేలులో కట్టడ యయ్యెను. ఆ 200 మందిని కోడిపందెములలో ఓడినవారివలె చూడక, జట్టులోనివారిగా ఆయన చూచెను.

కాబట్టి బాధ్యత రెండు ప్రక్కల నున్నది. కూర్చున్నవాడు ఏ నిమిషమున పిలిచినను లేచునట్లు కండరములను, మనస్సును చల్లారనియ్యక ఉంచుకొనవలెను. ఎదుటివాని మెప్పు చూచి సంతోషింప నేర్వవలెను. ఆడుచున్నవాడు వెనుక మరియొకడున్నాడను ధైర్యముతోనే తాను పూర్తి బలము ఖర్చు చేయగలుగుచున్నానని మరువరాదు. పిలువవలసిన వేళ పిలువవలెను, పంచవలసిన వేళ పంచవలెను. మన మధ్య సభకు ముందుగా వచ్చి చాపలు పరచువాడు, పాడువారు రానినాడు పాట ఎత్తుకొనునామె, ఇంటియొద్ద రోగిని కనిపెట్టుకొని యుండుటచేత ఇతరులను పనికి పోనిచ్చు తల్లి ఉన్నారు. పంట పంచు దినమున వారి పేరు జాబితాలో నున్నదో లేదో మొదట చూడవలసినది మనమే.