వేలంలో బొమ్మల ఊరు

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని షార్టిల్స్‌విల్‌లో ఒక బొమ్మల లోకం ఉండేది. పేరు రోడ్‌సైడ్ అమెరికా. ఒకే కప్పు కింద కొండలు, వాగులు, మూడొందలకు పైగా బుల్లి ఇళ్లు, వాటి మధ్య తిరిగే చిట్టి రైళ్లు. లారెన్స్ గీరింగర్ అనే ఆయన జీవితమంతా వెచ్చించి చేసిన లోకం అది. 1963లో ఆయన పోయాక ఇంటివాళ్లు దాన్ని ఆయన వదిలినట్టే కాపాడుకొచ్చారు. కొనేవాళ్ల కోసం చూసి చూసి 2020 నవంబరులో మూసేశారు. 2021 జనవరిలో విడివిడిగా వేలం వేశారు.

"అయ్యో, ఎలా అమ్మారండీ!" అని అభిమానులు బాధపడ్డారు. వింటే నాకూ మనసు చివుక్కుమంది. కానీ చిన్నప్పుడొకసారి చూసి మళ్లీ ఆ గడప తొక్కనివాళ్లకి ఆ మాట అడిగే హక్కుందా? మన జ్ఞాపకాలకు కాపలా కాయడం ఇంకొకరి బాధ్యతా? పల్లెలో పాత పెంకుటిల్లు అమ్ముతుంటే పట్నంలో ఉన్నవాళ్లే ఎక్కువ కన్నీళ్లు పెట్టుకుంటారు. ఏటా పెంకులు సర్దించిన పెద్దన్నగారు మాత్రం మాట్లాడకుండా తాళంచెవి తీసి ఇస్తాడు.

అలాగని ఆ బాధ ఉత్తదనను. సంక్రాంతికి పెట్టిన బొమ్మల కొలువు మనమే ఎత్తేస్తాం. ఏడవం, మళ్లీ ఏడాదికి పెడతామన్న ధీమా. వేలంతో ఆ ధీమా పోతుంది. రైలు ఒకరింటికి, స్టేషను ఇంకొకరింటికి. వస్తువులు మిగిలినా ఊరు మిగలదు.

అక్కడ ఒక బుల్లి ఇల్లు కొనుక్కెళ్లినవాళ్లకి దాని దుమ్ము దులిపే పని కూడా వచ్చింది. ప్రేమకు అసలు పరీక్ష అక్కడేనేమో! మీరేమంటారు?