చిట్టాలోని వ్రాత, ఆవర్జాలోని హక్కు

చిట్టా వేరు, ఆవర్జా వేరు అని వర్తకుల యిండ్లలో చెప్పనక్కరలేదు. జరిగినది జరిగిన వరుసలో చిట్టా కెక్కును. ఎవరి పేర నెంత నిలువ యున్నదో ఆవర్జా తెలుపును. 2009 నుండి నడుచుచున్న బిట్‌కాయిన్ అను నాణెమునకును ఒక చిట్టా గలదు. అది వేలకొలది కంప్యూటర్లలో ఒకే తీరున నుండును. సుమారు పది నిమిషముల కొక పుట చేరును. దానిని బ్లాకు అందురు. ప్రతి బ్లాకునకును వరుస సంఖ్య గలదు.

2023 జనవరిలో కేసీ రోడార్మర్ అను నతడు ఈ చిట్టాపై ఆర్డినల్స్ అను నొక ఆవర్జా పద్ధతిని వెలువరించెను. ఒక బిట్‌కాయినునకు పదికోట్ల సటోషీలు. ఒక్కొక్క సటోషీకి పుట్టిన వరుసలో సంఖ్య నిచ్చి, బొమ్మనో మాటనో సంకేతములుగా మార్చి లావాదేవీలో పొదిగి, దాని నొక సటోషీకి ముడివేయుట ఈ పద్ధతి. ఆ యేడే మరికొందరు ఇంకొక అడుగు వేసిరి. ఒక బ్లాకు సంఖ్య వ్రాసి, చివర ‘.బిట్‌మ్యాప్’ అని మొట్టమొదట చేర్చినవాడు ఆ బ్లాకునకు యజమాని యనిరి. అందలి లావాదేవీలు అతని పేటలోని యింటి స్థలములట! కంప్యూటరు తెరపై అచట మేడలు కట్టవచ్చునట. కొనువారును గలరు.

‘మొదటివాడే యజమాని’ అను నియమము బిట్‌కాయిన్ చిట్టాలో లేదు. రెండవవాడు అదే సంఖ్య వ్రాసినను చిట్టా రుసుము పుచ్చుకొని వ్రాసికొనును. నియమమంతయు సూచిక తయారుచేయువారి యొద్ద నున్నది. 2023లో కొన్ని పద్దులను ఆర్డినల్స్ సూచిక గుర్తింపలేదు. పిమ్మట వానికి ‘శాపగ్రస్తములు’ అని పేరిడి, సున్నకు దిగువ సంఖ్యల నిచ్చిరి. 2024 జనవరిలో, 8,24,544 సంఖ్యగల బ్లాకు మొదలు, అట్టి పద్దులను మామూలు వరుసలోనే లెక్కింప నారంభించిరి. అదివరకటి వ్రాతలో ఒక్క అక్షరము మారలేదు. చదువువారి పద్ధతి మారినది.

అంతమాత్రమున ఇదంతయు బూటకమనుట తొందరపాటు. హుండీయు కాగితమే గదా! కాని హుండీ చెల్లనిచో వ్రాసినవాని గుమ్మమునకు పోవచ్చును. ఇచట గుమ్మమేది? వేడుకకై తెలిసి కొనువాడు మోసపోలేదు. ‘ఎవ్వరును చెరపలేని ఆస్తి’ అను మాట విని కూతురి పెండ్లికై దాచిన సొమ్ము తెచ్చినవాని సంగతి వేరు. ఆ మాట అబద్ధము కాదు, పూర్తి నిజమును కాదు. చెరపరానిది వ్రాత. హక్కు పరుల చదువుపై నిలిచినది. తూకము సరిగా నుంచి సరకు పేరు మార్చి చెప్పుట వంటిదే యిది. ‘రేపు సూచిక వ్రాయువారు మానుకొన్నచో?’ అని అతడడిగినప్పుడు, అమ్మువాడు చిట్టా తెరచి చూపుట జవాబు కాదు.