అశ్వహృదయం

నాయనా, రెండంగుళాల రౌతుబొమ్మను పట్టుకుని కుంచె ముంచబోతున్నావు. ఆ చేతిని ఒక్క క్షణం ఆపి నా మాట విను.

నలుడి కథ ఎరుగుదువు. ఆయనకు గుర్రాల విద్య అయిన అశ్వహృదయం తెలుసు, ఋతుపర్ణుడికి పాచికల విద్య అయిన అక్షహృదయం తెలుసు. ఒకరి విద్య ఒకరికి ఇచ్చుకున్నారు. బల్లమీది యుద్ధక్రీడకు ఆ రెండూ కావాలి. పాచికలు వేయడం నిమిషంలో వస్తుంది. గుర్రం మనసు తెలియడానికి నెలలు పడుతుంది. ఆ విద్యకు కుంచెను మించిన గురువు నీకు లేడు.

నీ ముందున్నవి బూడిదరంగు గుర్రాలకు పేరుపడ్డ బ్రిటిష్ రౌతుల దళం స్కాట్స్ గ్రేస్ బొమ్మలు. తెల్లరంగు డబ్బా తీసి అన్నిటికీ ఒకే పూత పులమకు. ఆ రంగు గుర్రం పుట్టినప్పుడు నల్లగానో, ఎర్రగానో ఉంటుంది. ఏడాదికేడాది తెల్లబడుతుంది. వెంట్రుక నెరిసినా కింది చర్మం నల్లదే. అందుకే మూతి దగ్గరా కళ్ల చుట్టూ ఆ నలుపు తేలుతుంది. ముదురు బూడిదతో మొదలుపెట్టి, పలచని పూతలతో మెల్లగా తెలుపుకు రా. వయసు మళ్లినదాన్ని తెల్లగా, పడుచుదాన్ని మచ్చల బూడిదగా ఉండనీ. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క వయసు ఇచ్చిననాడు అవి నీ కంటికి మంద కావు, ప్రాణాలు.

ఆ గుర్రాలు 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధంలో పరుగెత్తాయి. ముందు రాత్రి కురిసిన వానకు నేల బురదైంది. కనుక గిట్టలకూ కాళ్లకూ ఆ బురద అద్దడం మరవకు. స్కాట్స్ గ్రేస్ రౌతులు ఫ్రెంచి పదాతిని చీల్చారు. సార్జెంట్ చార్లెస్ యూవర్ట్ ఫ్రెంచి 45వ రెజిమెంటు గరుడధ్వజాన్ని చేజిక్కించుకున్నాడు. అక్కడ కళ్లెం బిగించి ఉంటే ఆ గెలుపు నిలిచేది. జయోన్మాదంలో శత్రువు ఫిరంగుల దాకా పోయారు. గుర్రాలు రొప్పాయి, వరుసలు చెదిరాయి. ఫ్రెంచి బల్లెపు రౌతులు వచ్చి పడ్డారు. వారి బ్రిగేడ్ నాయకుడు పాన్సన్‌బీ తిరిగి రాలేదు. ఓటమికి కుంగనివాడు కూడా గెలుపు వేగానికి కూలిపోతాడని ఆ మైదానం చెబుతోంది.

ఆ కళ్లెం నీ చేతికీ కావాలి. మొదటి పూత ఆరకముందే రెండోది వేస్తే రెండూ చెడతాయి. అచ్చు అతుకుల గీతలు గీకకుండా ప్రైమర్ కొడితే, పైన ఎంత రంగు పోసినా ఆ గీత దాగదు. పాత సీసపు బొమ్మలను ఆకురాయితో రుద్దితే రాలే పొడి విషమని గుర్తుంచుకో. కుంచె మొనను నోట పెట్టకు.

సత్యం కోసం ఎంత శ్రమ పడవచ్చో విలియం సైబోర్న్‌ను చూసి నేర్చుకో. ఆ బ్రిటిష్ సైనికాధికారి 1830లో వాటర్లూ చేరి, పోరు నడిచిన లా హే సెయింట్ పొలం ఇంట్లోనే నెలల తరబడి ఉండి నేలను కొలిచాడు. యుద్ధంలో ఉన్న అధికారులకు ఉత్తరాలు రాసి, ఎవరెక్కడ నిలిచారో, ఏ చేలో ఏ పైరు ఉందో అడిగాడు. డెబ్బై వేలకు పైగా చిన్న బొమ్మలతో చేసిన ఆయన నమూనా యుద్ధభూమిని 1838లో లండన్‌లో జనం చూశారు. నేడది అక్కడి నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. అన్ని వేల బొమ్మల్లో ఒక్క పైరు రంగు ఎవరు చూస్తారని ఆయన అనుకోలేదు.

నేను అనుకున్నాను, నాయనా. పడుచుతనంలో నా మొదటి దళానికి రంగులేస్తూ, గుర్రాల కడుపులనూ జీను కింది పటకాలనూ వదిలేశాను. నిలబడ్డ గుర్రానికి కడుపు ఎవరు చూస్తారు? క్రీడ మొదలైంది. పాచిక ఎదురు తిరిగింది. చచ్చిన రౌతును పక్కకు వాల్చి పెట్టడం మా నియమం. వాల్చాను. రంగు తగలని బూడిద కడుపు దీపం వెలుగులో పైకి తేలింది. ఆట ముగిసేదాకా నా కన్ను అక్కడి నుంచి కదలలేదు.

నిలబడ్డన్నాళ్లూ గుర్రం నీ లోపాన్ని దాచిపెడుతుంది. పడిపోయిననాడే బయటపెడుతుంది. కనుక ముందు కడుపుకు రంగు వెయ్యి. ఆ తరువాతే పాచికలు ముట్టుకో.