గురి చూడటం హింసేనా?



అమెరికాలో డల్లాస్ దగ్గర ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "మావయ్యా, పొద్దున్నే పంచశీలాలు చెప్పుకుంటాను. రాత్రి గ్యారేజీలో తుపాకీ పట్టుకుంటాను. నేను చేసేది తప్పంటావా?" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. తరవాత నిదానంగా అడిగితే సంగతి తెలిసింది.

వాడి చేతిలోది ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు. చూడ్డానికి అచ్చం అసలుదే. లోపల్నించి వచ్చేది మాత్రం 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస, గ్యాసు ఒత్తిడికి ఎగురుతుంది. అక్కడ ప్రాక్టికల్ షూటింగ్ అని ఒక ఆట ఉంది. 1976లో దానికి అంతర్జాతీయ సమాఖ్య కూడా ఏర్పడింది. ఒరలోంచి పిస్తోలు తీసి, కదులుతూ వరసగా అట్టలను కొట్టాలి. గురికీ వేగానికీ కలిపి లెక్క. అసలు తూటాలు ఖరీదు, ఇంట్లో కాల్చే వీలూ లేదు. అందుకని మావాడు గ్యారేజీ గోడకు పాత దుప్పటి వేలాడదీసి, దాని ముందు మూడో వంతుకు తగ్గించిన అట్టలు పెట్టుకుంటాడు. 3 గజాల నుంచి చూస్తే 9 గజాల దూరంలో ఉన్నట్టు కనపడతాయి. టైమర్ కూత వేయగానే తీయడం, గురి కుదర్చడం, మీట నొక్కడం, మ్యాగజీన్ మార్చడం. రోజూ పావుగంట. అసలు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ ఇందులో అలవాటు కాదు గానీ, మిగతావన్నీ చేతికి వస్తాయట. జపాన్‌లో మామూలు జనం పిస్తోలు ఉంచుకోకూడదు. ఆ దేశపు తత్సుయా సకాయ్ ఎయిర్‌సాఫ్ట్‌తోనే సాధన చేసి, 2004లో అమెరికా వెళ్లి స్టీల్ ఛాలెంజ్ పోటీ గెలిచాడు.

సరే, ఆట బాగుంది. మరి మొదటి శీలం సంగతేమిటి?

బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' మొదట్లోనే దీనికి దగ్గరి ఘట్టాలు రెండున్నాయి. యశోధర స్వయంవరంలో విలువిద్య పోటీ పెడితే సిద్ధార్థుడు ముందు ఇష్టపడలేదు. తరవాత ఒప్పుకుని బాణం వేశాడు. అందరికన్నా ఆయన గురే మిన్న. రెండోది వేట. మిత్రులు రమ్మంటే వెళ్లలేదు. కనీసం మా గురి చూడ్డానికైనా రమ్మన్నా వెళ్లలేదు. గౌతమి తల్లి బెంగపడింది. క్షత్రియుడు యుద్ధం చేయాలి, వేటాడితేనే కదా గురి కుదిరేది అంది. మనిషిని మనిషి చంపడం ధర్మం ఎలా అవుతుందని ఆయన ఎదురడిగాడు.

చూడండి, విల్లు అదే, చెయ్యి అదే. గురి తప్పని ఆయన అనలేదు. ఆ గురి ఎవరి మీదికి పోతుందన్నదే పట్టుకున్నాడు. చేతనే కమ్మ అని తరవాత చెప్పిందీ ఇదే. బాబాసాహెబ్ కూడా అహింసను గుడ్డి నియమంగా కాక సూత్రంగా చూడమన్నారు. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అన్నారు. అట్టముక్క దగ్గర ఈ రెండూ లేవు.

పైగా, ఆయుధం ముట్టుకోవద్దన్న మాట మన చెవికి కొత్తది కాదు. చాతుర్వర్ణ్యం కింది కులాల చేతికి ఆయుధం అందనివ్వలేదు, అందుకే తిరగబడలేకపోయారని 'కుల నిర్మూలన'లో ఉంది. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. మన పిల్లవాడు గురి నేర్చుకుంటుంటే పాపమని నోరు మూయించడానికి నాకు మనసొప్పలేదు.

అయినా రెండు ప్రశ్నలు అడిగాను. "ఒరే అల్లుడూ, ఆ అట్ట ఏ ఆకారంలో ఉంటుంది?" కాసేపు మాట్లాడలేదు. అమెరికా పోటీల్లో వాడే ఒక రకం అట్టకు భుజాలుంటాయి, పైన తలలాంటి ముక్క ఉంటుంది. తల లేని రకం ఇంకొకటి ఉంది. ఆఫీసులో పైవాడు చులకన చేసిన రోజు ఆ తలలో ఎవరి మొహం కనపడుతుందో కొట్టేవాడికే తెలియాలి. "ఒకట్రెండుసార్లు కనపడింది మావయ్యా" అన్నాడు. (అబద్ధమాడలేదు, నాలుగో శీలం నిలబెట్టుకున్నాడు.) మొదటి శీలం చిక్కు అక్కడే ఉంది. ప్లాస్టిక్ పూస ఎవర్నీ చంపదు. చంపే మనసుకు మాత్రం రోజూ పావుగంట సాధన దొరుకుతుంది. ఒక యోధుడు మూడుసార్లు పట్టుబట్టి అడిగాక బుద్ధుడు చెప్పింది కూడా ఇదే. వీళ్లు చావాలి అన్న తలంపుతో మనసు ముందే దిగజారి ఉంటుందన్నాడు.

రెండో ప్రశ్న వాడి పదేళ్ల కొడుకు గురించి. 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ల నల్లజాతి పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. బొమ్మ అని తెలియడానికి కొసన ఉండాల్సిన నారింజ రంగు దానికి లేదు. పోలీసులు కారు దిగిన రెండు సెకన్లలోపే కాల్చారు. మర్నాడు చనిపోయాడు. ఆ పిల్లవాడి మనసులో హింస ఎక్కడిది? చేతన మంచిదైతే చాలదు, అప్పమాదం కూడా కావాలి. ఒంటి రంగు చూసి మనిషిని అంచనా వేసే చోట మనవాళ్లకు మరీ కావాలి.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. తల ఉన్న అట్టలు తీసేసి గుండ్రటి పళ్లేలు పెట్టుకున్నాడట. పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాడు, తాళంచెవి తన దగ్గరే. గ్యారేజీ తలుపు దించాకే బయటికి తీస్తాడు. పూస తగిలితే కన్ను పోతుంది గనక ఇద్దరికీ రక్షణ కళ్లద్దాలు కొన్నాడు. మనసు బాగాలేని రోజు అసలు ముట్టుకోడు, ఆ పావుగంట ఆనాపానసతిలో కూర్చుంటాడు.

"కానీ మావయ్యా, ఆ రోజుల్లో కూర్చోవడమే కష్టంగా ఉంది" అన్నాడు.