కదలిన గుడులు – కదలిన జనులు

స్థావరము, జంగమము అను రెండు మాటలు శరణ వాఙ్మయమున తఱచుగా వినవచ్చును. కదలక నిలిచినది స్థావరము. ప్రాణముతో కదలాడునది జంగమము. ఈ రెంటిలో దేనిని ముందు ఆదరింపవలెనను ప్రశ్న గ్రంథములకే పరిమితము కాదు. దానిని కన్నులార చూపు క్షేత్రము పాలమూరు సీమలోనే కలదు. అది అలంపురము.

కొత్తకోట నుండి జాతీయ రహదారిపై దక్షిణముగా పోయి, పెబ్బేరు గడచి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, అలంపురము చౌరస్తాలో ఎడమకు మరలినచో తుంగభద్ర యొడ్డున ఈ ఊరు వచ్చును. ప్రాచీన శిథిలములను చూడగోరువారికి ఇంతకంటె సులభమైన నడక అరుదు. కొండ యెక్కనక్కరలేదు, అడవిలో తిరుగనక్కరలేదు. ముందుగా నవబ్రహ్మాలయములు. క్రీ.శ. 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యుల యేలుబడిలో వెలసినవి. పేరు బ్రహ్మదైనను గర్భగుడులు శివునివే. తారకబ్రహ్మాలయము తప్ప తక్కినవి ఉత్తరాది రేఖానాగర రీతిని కట్టబడినవి. శిల్పసంపదకు పేరుగన్న స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలపుది (681–696). బాలబ్రహ్మాలయమున నేటికిని పూజలు జరుగుచున్నవి. అచటికి సుమారు 2 కిలోమీటర్ల దూరమున పాపనాశి గుడుల సముదాయము. 9వ శతాబ్ది మొదలు 11వ శతాబ్ది వరకు కట్టిన 20కి పైగా చిన్న గుడులు, మెట్టుమీద మెట్టుగా పైకి సన్నగిల్లు కప్పులతో గుంపుగా నిలిచియున్నవి. ఊరికి చేరువనే కూడవెల్లి సంగమేశ్వరాలయము. వృద్ధులును బాలురును ఒక్క పూటలో ఈ మూడింటిని దర్శింపగలరు.

అయితే ఈ నడక ఇంత సులభమగుటకు కారణమేమి? ఈ మూడింటిలో రెండు తాము పుట్టిన చోట లేవు. కూడవెల్లి గుడి కృష్ణా తుంగభద్రలు కలియు చోట నుండెడిది. పాపనాశి గుడులును మొదట మఱియొక తావున నుండెను. కృష్ణపై శ్రీశైలము ఆనకట్ట లేచి, వెనుక జలములు ఈ తీరములను ముంచనున్నవని తెలిసినప్పుడు పురావస్తు శాఖలవారు వీనిని విప్పి, రాళ్లకు సంఖ్యలు వేసి, మిట్టనేలకు తెచ్చి, ఏ రాతి ప్రక్క ఏ రాయి యుండెనో ఆ వరుసనే తిరిగి నిలిపిరి.

స్థలము మారిన గుడి ఆ గుడియేనా యని కొందఱు శంకింతురు. సంగమము లేని చోట సంగమేశ్వరుడెట్లుండునని వారి వాదము. అందు కొంత న్యాయము కలదు. ఆ పేరు నదుల కలయిక వలన వచ్చినదే. కాని శరణుల దృష్టికి ఈ శంక పెద్దది కాదు. ఇష్టలింగమును మెడలో ధరించి, అడుగు పెట్టిన చోటనెల్ల అర్చించువారికి దైవము ఒక తావునకు కట్టుబడినది కాదు. దేహమునే దేవాలయముగా నెంచుమని బోధించిన బసవేశ్వరుని మార్గమున గుడి కదలుట దోషము కాజాలదు. పూర్వుల పనితనమును నీటిపాలు కానీయక కాచుట సత్కార్యమే.

చిక్కైన ప్రశ్న దాని వెనుక నున్నది. ఆ జలములలో మునిగినవి గుడులు మాత్రమే కావు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వంద గ్రామముల వరకు మునిగినవి. 1981 నాటికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావలసివచ్చెను. భూమికి, ఇంటికి వెల కట్టిరి. ఆ వెల చాలదని జనులు మొఱపెట్టుకొనిరి. నిర్వాసిత కుటుంబములకు ఉద్యోగావకాశము కల్పించుచు 98వ సంఖ్య గల ప్రభుత్వోత్తర్వు వెలువడినది 1986లో, అనగా ఊళ్లు ఖాళీయైన ఐదేండ్లకు. రాతి ప్రక్క రాయి నిలిచెను గాని, ఇంటి ప్రక్క ఇల్లు నిలువలేదు. ఒకే వీథివారు వేఱువేఱు ఊళ్ల పాలైరి.

ఇది ఈ సీమకే చెందిన విషయము కాదు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ ఆలయములను 1964 నుండి 1968 వరకు శ్రమించి, కోసి, ఎత్తైన చోట తిరిగి నిలిపిరి. పలు దేశములు ధనమిచ్చెను. అదే నీటికి తావు విడిచిన నూబియా ప్రజలను లోకము అంతగా తలచుకొనలేదు.

ఆనకట్ట వలన దీపము వెలిగెను, పొలము తడిసెను గదా యని యనవచ్చును. నిజమే. పలువురి మేలు కొఱకు కొందఱు తావు విడువవలసివచ్చుట లోకమున తప్పనిది కావచ్చును. కాని మేలు పొందినవారికి ఋణము లేదని దాని యర్థము కాదు. జనులను పొందికగా తరలించుట అసాధ్యమనువారికి అలంపురమే సమాధానము. ఏది యెచట నుండెనో వ్రాసికొని, చెదరనీయక తిరిగి కూర్చు నేర్పు రాతి విషయమున చూపబడినది. మనుష్యుల పని రాళ్ల పనికంటె కష్టమే. వారికి పంటభూమి, పని, నీరు అన్నియు కావలెను. అందుచేత వారి యెడ అంతకంటె నెక్కువ శ్రద్ధ కావలెను గాని తక్కువ కాదు.

శ్రీశైల జలములలోనే మఱియొక సంగమేశ్వరము కలదు. సప్తనదీ సంగమమని పేరుగన్న ఆ క్షేత్రమున వేపదారు లింగము నేటికిని ఏటేట మునుగును. వేసవిలో నీరు తగ్గి గుడి బయల్పడినప్పుడు జనులు వచ్చి అర్చింతురు. నీరు పెరిగినప్పుడు మరలిపోవుదురు. ఆ క్షేత్రమును నిలుపుచున్నది గోడలు కావు, మరల మరల వచ్చు మనుష్యుల పాదములు.

కొత్తకోట వాసులకు ఇది దూరపు మాట కాదు. భీమా ఎత్తిపోతల పథకపు శంకరసముద్రము జలాశయము ఈ మండలములోనిదే. కానాయపల్లి వారికి ముంపు అను మాట అర్థము తెలియనిది కాదు. పాలమూరు–రంగారెడ్డి పథకపు జలాశయముల క్రిందను ఇండ్లు విడిచినవారు కలరు. దాసోహము శరణ ధర్మమున ముఖ్యమైనదని నమ్మువారికి, కొత్త ఊరిలో కుదురుకొనుచున్న నిర్వాసితుడు ఇంటి ముంగిటికి వచ్చిన జంగమునితో సమానుడే. అతని పట్టా, అతని పిల్లల బడి, అతని త్రాగునీరు గూర్చి కనుగొనుటయు కావలసినచో అతనికై అర్జీ వ్రాసి పెట్టుటయు సేవయే.

అలంపురమునకు బాలురను కొనిపోవు ఉపాధ్యాయులు నవబ్రహ్మల పేర్లు చెప్పించుట వాడుక. కూడవెల్లి గుడి మెట్లపై కూర్చుండబెట్టి మునిగిన ఊళ్ల పేర్లును చెప్పించినచో, ఆ సులభమైన నడకకు ఎవరు వెల యిచ్చిరో బాలురకు తెలియును.