చక్రములమీది గృహము – జంగమత్వము

గత వేసవిలో అమెరికా దేశమున మా కుమారుని కుటుంబముతో పదునెనిమిది దినములు ప్రయాణము చేసితిని. ఆ ప్రయాణమున పదేండ్ల మా మనుమడు నన్నొక ప్రశ్న యడిగెను. నేను తొందరపడి యొక సమాధానము చెప్పితిని. అది తప్పని పిదప తెలిసినది. తప్పు చెప్పినది పసివానితోనే యైనను దానిని దిద్దుకొనుట పెద్దల విధి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పాఠక మహాశయులు దీనిని యాత్రావర్ణనముగా గాక యొక ధర్మసందేహముగా గ్రహింప వేడుచున్నాను.

ఆ దేశమున వేసవి సెలవులలో అనేకులు "ఆర్.వి." యను వాహనమును అద్దెకు దీసికొనియో, స్వంతముగా నుంచుకొనియో, కుటుంబసమేతముగా దేశము చూడబోవుదురు. మేము అద్దెకు దీసికొన్నది ఇరువదియెనిమిది అడుగుల పొడవు గలది. అందు మంచములు, గ్యాసుపొయ్యి, ఫ్రిజ్జు, స్నానపుగది, మరుగుదొడ్డి, భోజనపుబల్ల, అన్నియు గలవు. అడుగున మూడు ట్యాంకులు: మంచినీటి కొకటి, వాడిన నీటి కొకటి, మరుగుదొడ్డి మలినమున కొకటి. గ్యాలను పెట్రోలునకు ఎనిమిది తొమ్మిది మైళ్ళు నడిచిన గొప్ప. డాలస్ నుండి డెన్వరు, అటనుండి దక్షిణ డకోటాలోని నల్లకొండలు, పిదప యెల్లోస్టోన్, మరల డెన్వరు మీదుగా డాలస్. ఇది మా మార్గము. డెన్వరు సమీపమున మా అక్క తన కుమార్తె యింట నున్నది. ఆమెకు ఎనుబది దాటినవి. మేమొకరి నొకరు చూచుకొని ఆఱేండ్లయినది. నిజము చెప్పవలెనన్న నేను ఆ బండి యెక్కినది కొండలకొఱకు గాదు, ఆమెకొఱకే.

మొదటి యుదయమున ఆ భోజనపుబల్లమీదనే వస్త్రము పఱచి ఇష్టలింగపూజ చేసికొనుచుంటిని. మంచినీటి ట్యాంకు చిన్నది గనుక అభిషేకమునకు ఉద్ధరిణెడు నీటితోనే తృప్తిపడితిని. పూజ ముగిసిన పిదప మనుమడు దగ్గఱకు వచ్చి, "తాతా, జంగమం అంటే ఏమిటి?" అని యడిగెను. "కదిలేది నాయనా. కదలనిది స్థావరం" అంటిని. వాడు కన్నులు పెద్దవి చేసి, "అయితే మన ఆర్‌వీ జంగమమే కదా!" అనెను. అందఱము నవ్వితిమి. "అవును, జంగమమే" అని నేనును ఒప్పుకొంటిని.

రెండవనాటి రాత్రి అక్క యింటికి చేరితిమి. జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, పల్లీలపొడి. మా జహీరాబాదు ప్రాంతపు భోజనము అంత దూరమున దొరకినది. పండుకొను వేళకు మా కోడలు, "మీకెందుకు శ్రమ అత్తయ్యగారూ, బండిలో అన్నీ ఉన్నాయి, అక్కడే పడుకుంటాం" అనెను. నేనును అది మర్యాదయే యనుకొని తలయూచితిని. ఎవరికిని భారము కాకూడదన్నది నా చిరకాలపు నియమము; దానిని సుగుణముగానే లెక్కించుకొనుచుంటిని. వాకిట నిలిపిన బండిలో సుఖముగా నిదురించితిమి.

తెల్లవాఱిన పిదప లోనికి పోగా అక్క తన గదిలో కూర్చుండి యున్నది. ఆమె మంచము ప్రక్కన మఱొక మంచము. దానిమీద క్రొత్త దుప్పటి, మడత నలుగని దిండు, చెంబుతో నీరు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేని మనిషి, తమ్ముడు వచ్చునని రెండు దినములుగా ఆ మంచము సిద్ధము చేయించుకొన్నదట. ఆమె నా ముఖము చూడకయే, "తమ్మీ, మా ఇంట్ల నీకు జాగ లేకపాయెనా?" అనెను. ఆ మాటకు బదులు చెప్పలేకపోతిని. ఆ మధ్యాహ్నమే బయలుదేఱవలసి యుండెను, బయలుదేఱితిమి.

త్రోవపొడవునను ఆ దుప్పటియే కన్నులలో నుండెను. కొండలు సరిగా చూచితినని చెప్పలేను.

నల్లకొండలలో రష్మోర్ పర్వతము కలదు. నలుగురు దేశాధ్యక్షుల ముఖములను రాతిలో చెక్కిరి. ఒక్కొక ముఖము అఱువది అడుగులు. 1927లో మొదలిడి 1941లో నిలిపిరి. పనితనము మెచ్చదగినదే. కాని ఆ కొండలు 1868 నాటి ఒడంబడికచేత లకోటా మున్నగు సూ జాతులవారికి చెందినవి. 1874లో బంగారము కనబడినది. 1877లో ప్రభుత్వము కొండలను లాగికొన్నది. అది అన్యాయమని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమే 1980లో తీర్పు చెప్పి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారము నిర్ణయించినది. ఆ జాతులవారు ధనమును ముట్టలేదు. తమకు కొండలే కావలెననిరి. ఆ లకోటాలు అడవిదున్నల మందల వెంట, గుడారపు వాసములను గుఱ్ఱములకు కట్టి, ఇంటిని వెంట దీసికొని తిరిగినవారు. నిజముగా కదలెడు గృహములు గలవారిని కదలవలదని కట్టడిచేసి ఒకచోట కుదిర్చిరి. వారి నేలమీద నేడు మావంటివారము అద్దె యిండ్లతో కదలుచున్నాము. వాహనములు నిలుపు స్థలములో లెక్కకు మిక్కిలి ఆర్.వి.లు ఉండగా, మనుమనికి చెప్పిన మాటపై నాకు మొదటి సందేహము అచ్చటనే పుట్టినది.

కదలుటయే జంగమత్వమైనచో బంట్రోతు వెంట రాగా దేశములు తిరుగు ధనికుడును జంగముడే కావలెను. బసవేశ్వరులు స్థావర జంగమ భేదమును కాళ్ళకు సంబంధించిన మాటగా చెప్పియుండరు. ఇష్టలింగమును దేహముమీద ధరింపుమనుటలోని మర్మమేమి? దేవుడు వెంట నున్నపుడు గోడలు, గోపురములు, ద్వారపాలకులు అక్కఱలేదనియే గదా. అక్క మహాదేవి కల్యాణమునకు, అచ్చటినుండి శ్రీశైలమునకు నడచిపోయినదని మన పెద్దలు చెప్పుదురు. ఆమె వెంట ఏ గృహము పోయినది? జంగముడు వాకిట నిలిచి భిక్ష నడుగును. అడుగుట అతని లోపము గాదు, అతని మార్గము. అడుగువాడు లేనియెడ ఇచ్చువానికి దాసోహమే లేదు. మేమో, మంచము, పొయ్యి, నీరు, దొడ్డి, సమస్తమును మోసికొనిపోయి, తోడబుట్టినదాని వాకిట నిలిచియు ఏమియు అడుగకపోతిమి. చక్రములున్నను మేము అంగుళము కదలలేదు.

అయితే ఇంతటితో విషయము తేలిపోలేదు. నా దుఃఖమును కోడలితో చెప్పగా ఆమె యొక సంగతి బయటపెట్టినది. మేము బండిలో పండుకొందుమన్నపుడు మా మేనకోడలు లోలోపల ఊపిరి పీల్చుకొన్నదట. ఆమె వారమున కైదు దినములు ఉద్యోగము చేయును, ముసలితల్లిని చూచుకొనును, ఇద్దఱు పిల్లలు. అయిదుగురు చుట్టములు మూడు దినములు లోపలనే యుందురన్న తలంపే ఆమెకు భయము కలిగించినదట. పైగా ఆ కాలనీ సంఘమువారు వాకిట అట్టి వాహనమును రాత్రి నిలుపనీయరు. ఆమెయే ఉత్తరము వ్రాసి ఒక రాత్రికి అనుమతి తెచ్చుకొన్నది. భారము కామనుకొన్నవారము అట్లును భారమైతిమి!

ఇది విని నాకు మా తల్లిగారు జ్ఞప్తికి వచ్చిరి. మా యింటికి చుట్టములు, జంగమయ్యలు వచ్చినపుడు నాయనగారి దాసోహమును ఊరెల్ల కొనియాడెడిది. పొగలో మూడుజాములు కూర్చున్నది మాత్రము అమ్మ. కల్యాణమున మహామనెలో లక్షా తొంబదియాఱువేల జంగములకు నిత్యము అర్చన జరిగెనని బాల్యమున పురాణకాలక్షేపములలో వినుచుంటిని. ఆ సంఖ్యకు ఒళ్ళు పులకరించెడిది. అందఱికి వండినవారెందఱని నేనెన్నడును అడుగలేదు. అతిథి అడుగవలెననుట నిజము. కాని అతడు అడిగినదాని బరువు ఎవరి చేతులమీద పడుచున్నదో చూడకుండుట ధర్మమగునా?

దీనికి సమాధానము నాకు కొండలలో దొరకలేదు, మురికిగుంటకడ దొరకినది.

ఆర్.వి. ప్రయాణమున మూడు నాలుగు దినముల కొకమారు మలినపు ట్యాంకును ఖాళీ చేయవలెను. దానికై శిబిరస్థలములలో డంప్ స్టేషన్ అను చోటుండును. లావుపాటి గొట్టమొకటి బండి అడుగున తగిలించి, రెండవకొనను నేలలోని రంధ్రమున నుంచి మీట లాగవలెను. మొదట నల్లట్యాంకు, పిదప వాడిన నీటి ట్యాంకు. ఆ నీరు గొట్టమును కడుగును. పిమ్మట గొట్టమును వేఱుగా కడిగి దాచవలెను. యెల్లోస్టోన్ సమీపమున మా కుమారుడు చేతితొడుగులు వేసికొని ఆ పని చేయుచుండ నేను దూరముగా నిలిచి ముక్కు మూసికొంటిని. మా వెనుక వరుసలో ఏడెనిమిది బండ్లు. ఒకరు వైద్యుడట, మఱొకరు ఉపాధ్యాయిని, ఒకరు విశ్రాంత సైనికుడు. ఎవరి మలినమును వారే కడుగుకొనుచు, వాతావరణమును గూర్చి మాటలాడుకొనుచున్నారు.

డెబ్బదియైదేండ్ల జీవితమున నా మలినము ఎచటికి పోయినదో ఎవరు మోసిరో నేను విచారింపలేదు. చిన్ననాడు తెల్లవాఱుజామున పెరటి త్రోవన వచ్చి పోవు ఆమె ముఖమైనను నాకు గుర్తులేదు. మన దేశమున చేతులతో మలమెత్తించు పనిని నిషేధించుచు 1993లో నొకటి, 2013లో నొకటి, చట్టములు చేయవలసి వచ్చినవి. మురుగుకాలువలలో దిగి ఊపిరాడక మరణించువారి వార్తలు ఇంకను చదువుచునే యున్నాము. మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను, హరళయ్యను సభలలో స్మరించు మనము, అనుభవమంటపమున వారి ప్రక్కన కూర్చుండుట యనగా నేమో ఎంతవఱకు తెలిసికొంటిమి? నేను తెలిసికొనలేదు. కుమారుని వద్దకు పోయి రెండవ జత చేతితొడుగు లడిగితిని. వాడు వలదనెను. గొట్టము కడుగుట నేర్పుమంటిని.

ఆ శిబిరమున కాపలాదారులుగా నొక వృద్ధదంపతులున్నారు. బండి నిలుపుకొను చోటు ఉచితముగా నిచ్చినందుకు మాఱుగా వారు మరుగుదొడ్లు శుభ్రము చేయుదురు, కట్టెలమ్ముదురు, త్రోవ చూపుదురు. వారికి స్థిరమైన యిల్లు లేదు, అమ్మివేసిరట. 2008 నాటి ఆర్థికపతనము పిదప అట్లు బండ్లలోనే బ్రతుకు వృద్ధులను గూర్చి జెస్సికా బ్రూడర్ అను రచయిత్రి "నోమాడ్‌లాండ్" అను గ్రంథము వ్రాసినది; అది 2017లో వెలువడినది. వీరు ఇష్టముతో తిరుగుచున్నారో, గతిలేక తిరుగుచున్నారో అడుగుట నాకు సభ్యతగా తోచలేదు. విధిలేక తిరుగువానిని జంగముడని పొగడుట మాత్రము క్రూరత్వమే. అయినను ఆమె చీపురు పట్టిన తీరులో సిగ్గు లేదు. కాయకమన్న మాట ఆమె ఎఱుగదు.

అటుపిమ్మట యెల్లోస్టోన్‌లో వేడినీటి ఊటలు చూచితిమి. 1872లో ఏర్పడిన తొలి జాతీయోద్యానము అది. ఒకనాడు అడవిదున్నల మంద రోడ్డున కడ్డముగా వచ్చి నిలిచినది. 1902 నాటికి అచ్చట రెండు డజన్లకు మించి మిగులలేదట; నేడు వేలసంఖ్యలో నున్నవి. ముప్పావుగంట మా గృహములన్నియు వరుసగా నిలిచిపోయినవి. ఆ తీరికలో నేను అక్కకు ఫోను చేసితిని.

"అక్కా, తిరుగు ప్రయాణంల మీ ఇంట్లనే పండుకుంట. రెండు రాత్రులు. ఊరి బయట బండి పెడతం, మమ్మల్ని తీసుకపోవడానికి కారు పంపాలె" అంటిని. జన్మమున ఆమెనేదియు అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. అవతల కొంతసేపు మాట లేదు. పిదప మేనకోడలిని పిలిపించి, "అమ్మా, వంట మీ అత్తకోడళ్ళది కాదు. రొట్టెలు రెడీమేడ్‌వి తెస్తం, కూర మా వాడు చేస్తడు, అంట్లు నేను తోముత. దుప్పట్లు మేమే ఉతికి మడత పెట్టి పోతం. ఒప్పుకుంటేనే వస్తం" అంటిని. ఆమె నవ్వి, "మామయ్యా, మీరు అంట్లు తోమడం నేను వీడియో తీసుకోవాలి" అనెను.

అట్లే పోతిమి. అక్కకు మాత్రము మగవాడు గిన్నెలు తోముట మొదటిపూట మింగుడుపడలేదు. కుర్చీ వంటగది గుమ్మమున వేయించుకొని, బూడిద లేని దేశములో గిన్నె ఎట్లు తోమవలెనో చెప్పుచునే యున్నది. కుమారుని కూరలో ఉప్పు ఎక్కువైనది. దానిని గూర్చి గంటసేపు మాటలాడుకొంటిమి. మనుమడు నా ప్రక్కన నిలిచి తుడుచుచుండెను.

"నాయనా, ఆనాడు నీకు తప్పు చెప్పాను. మన ఆర్‌వీ జంగమం కాదు" అంటిని.

"ఎందుకు? కదులుతుంది కదా?"

"కదులుతుంది. కానీ అది ఎవ్వరినీ ఏమీ అడగదు."

వాడు పళ్ళెము తుడుచుట ఆపి కొంతసేపు ఆలోచించెను. "పెట్రోల్ అడుగుతుంది తాతా" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేదు; ఇప్పటికిని లేదు. అంతలో లోపలినుండి అక్క పిలిచినది.

"తమ్మీ, నీళ్ళు కాగినయి. ఆ గిన్నెలు అట్ల పెట్టి, ముందు తానం చెయ్యి."